మైనం కరిగితేనే బొమ్మ వెలిగేది!

ఆస్కార్ బొమ్మను ఫోటోలోనైనా చూడని సినిమా ప్రియులుంటారా? 2023 మార్చి 12 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో 'నాటు నాటు' పాటకు కీరవాణి, చంద్రబోస్ చెరొకటి అందుకుంటే, ఇక్కడ తెల్లవారాక టీవీల ముందు మనమంతా ఈలలు వేశాం. 13.5 అంగుళాల ఎత్తు, 8.5 పౌన్ల బరువు, పైన 24 కేరట్ల బంగారు పూత! అంతటి వీరుడూ మొదట మైనపు బొమ్మగానే పుడతాడు సుమండీ!

2016లో ఆ బొమ్మల పని న్యూయార్క్ రాష్ట్రంలోని పోలిచ్ ట్యాలిక్స్ పోతశాలకు వెళ్లింది. ముందు మైనంతో బొమ్మ, దాని చుట్టూ పింగాణీ పెంకు, ఆపైన మంట. మైనం కరిగిపోయాక మిగిలిన ఖాళీలో కంచు పోయడం... ఇదీ పద్ధతి.

ఇదేదో అమెరికా వాడి తెలివి అనుకునేరు! మొహెంజొదారోలో 1926లో దొరికిన నాట్యకత్తె ఎత్తు 10.5 సెంటీమీటర్లు, వయసు నాలుగు వేల ఏళ్లకు పైమాటే. మన మొట్టమొదటి నృత్యతార అనదగ్గ ఆ పిల్లా మైనంలోంచి వచ్చిందే.

నడిగడ్డకూ వాటా ఉంది

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న అలంపురం, గద్వాల ప్రాంతం ఒకప్పుడు కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉండేది. ఆ వంశంలో 1126 నుంచి 1138 దాకా రాజ్యం చేసిన మూడో సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం రాయించాడు. అందులో పోత విగ్రహాల కొలతలున్నాయి. మైనపు బొమ్మను తూచి, రాగి ఇత్తడి అయితే దానికి ఎనిమిది నుంచి పది రెట్లు, వెండి పన్నెండు రెట్లు, బంగారం పదహారు రెట్లు తీసుకోవాలట. రాజుగారు ఎంత లెక్క మనిషో చూడండి!

ఈ లెక్క గద్వాల బజారులో ఒక అవుసుల పెద్దాయనకు చెప్పాను. ఆయన నవ్వాడు. "పుస్తకం నాకెర్క లేదు సారూ. మా నాయిన గూడ మైనం తూచేటోడు" అన్నాడు.

"ఇప్పుడు చేస్తలేరా తాతా?"

"ఎవలికి గావాలె? రబ్బరు అచ్చుల మైనం కొడితే ఒక్కతీరుగ నూరు ఉంగరాలొస్తయ్. పట్నంల పోపిచ్చుకొస్తున్నరు. మా తాన అట్ల గాదు. ఒక్క అచ్చుకు ఒక్కటే బొమ్మ. ఒకపారి మా నాయిన అమ్మవారిని పోస్తే ముక్కు రాలే. లోపల గాలి నిలిచింది. మైనం పాయె, అచ్చు పాయె. నాల్గు దినాల కష్టం మల్ల మొదట్నుంచి!"

ఆ మాటలోనే ఈ పని గుట్టంతా ఉంది. తప్పు జరిగిందని తెలిసేది అచ్చు పగలగొట్టాకే. అప్పటికి దిద్దుకోవడానికి మైనం ఉండదు.

కెస్లాగూడ కొలిమి

నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మూడు జిల్లాల్లోనూ ఇలా చేతి అచ్చు కట్టేవాళ్ల కోసం అడుగుతూ పోతే, ఎక్కువమంది ఉత్తరానికే వేలు చూపించారు. కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలో కెస్లాగూడ, ఉషెగాం అనే ఊళ్లున్నాయి. అక్కడి ఓజాలు గోండుల దేవతలను, గంటలను, అందెలను, నెమలి దీపాలను పోస్తారు. మట్టితో లోపలి గుండు చేసి ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం, నూనె కలిపి సన్నని దారాలు తీసి, గుండు మీద వరసగా చుడతారు. కళ్లు, ముక్కు, నగలు అన్నీ ఆ దారాలే! పైన మెత్తని మట్టి, ఆపైన ముతక మట్టి మెత్తి, ఒక దారి వదిలి కాలుస్తారు. 65 డిగ్రీల లోపే మైనం కరుగుతుంది. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీలు దాటాలి. పోత చల్లారాక అచ్చు పగలగొట్టి ఆకురాయి పడితే బొమ్మ సిద్ధం.

ఈ ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గద్వాల చీరకు 2010లోనే వచ్చింది. చీరకైతే హీరోయిన్లున్నారు. ఒక్క పాటలో కడితే ఊరూరా అడుగుతారు. మరి డోక్రా అందెలకు, కడియాలకు ఎవరున్నారు?

మన కళాదర్శకులకు నాదొక విన్నపం. అడవి పల్లె సెట్టు వేసినప్పుడు దేవతకు ప్లాస్టర్ పోసి బంగారు రంగు కొట్టే బదులు, రెండు నెలల ముందు కెస్లాగూడకు కబురు పెట్టండి. వానాకాలం మాత్రం వద్దు, మట్టి అచ్చులు త్వరగా ఆరవు. సినిమా పూర్తయ్యాక టైటిల్స్‌లో నగలు ఇచ్చిన షాపు పేరు వేస్తారు కదా, ఆ పక్కనే పోత పోసిన మనిషి పేరు కూడా వేయండి. ఖర్చు ఒక్క లైనే!