వేసవి రంజాన్‌లో పిల్లల ఉపవాసం

రంజాన్ నెలలో ముస్లింలు పాటించే ఉపవాసాన్ని '''రోజా''' అంటారు. యుక్తవయస్సు రాని పిల్లలకు ఇది విధి కాదు; అయినా పెద్దలను చూసి వారూ ఉత్సాహపడతారు. హైదరాబాదులో పిల్లల తొలి రోజాను 'రోజా కుషాయి' అనే వేడుకగా జరుపుతారు.

చాంద్రమానం వల్ల రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది. 2018, 2019లలో మే–జూన్ నెలల్లో వచ్చినపుడు హైదరాబాదులో రోజా 14 గంటలు దాటింది. నీరు కూడా త్రాగరాదు కనుక ఎండలో ఆటలు మాన్పించాలి. చిన్నవారిని మధ్యాహ్నం వరకే ఉంచి అలవాటు చేయడం మేలు. సాయంత్రపు ఇఫ్తార్ నుండి వేకువ సహరీ వరకు నీరు కొద్దికొద్దిగా త్రాగించాలి.

కళ్ళు తిరిగినా, వాంతులైనా, మూత్రం బాగా తగ్గినా వెంటనే రోజా విరమింపజేసి, నీడకు చేర్చి నీరివ్వాలి. వేడుకకు బంధువులు వచ్చారని సాయంత్రం దాకా ఓర్చుకొమ్మనడం తగదు. మగతగా ఉన్నా, స్పృహ తప్పినా నోటిలో ఏమీ పోయక ఆసుపత్రికి తరలించాలి.