బీపీ మాత్రలకు లొంగడం లేదా? అడ్రినల్ గ్రంథి సంగతీ అడగండి

మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగడం లేదా? ముప్పై ఏళ్లకే బీపీ వచ్చిందా? కొందరిలో దీనికి కారణం గుండె, కిడ్నీ కాదు, అడ్రినల్ గ్రంథి.

రెండు కిడ్నీల మీద టోపీల్లా ఉండే ఈ గ్రంథులు ఒక్కొక్కటి 4, 5 గ్రాముల బరువు ఉంటాయి. పై భాగంలో మూడు పొరలు ఉన్నాయి. వెలుపలి పొర తయారు చేసే ఆల్డోస్టిరాన్ ఒంట్లో ఉప్పును నిలిపి, పొటాషియంను మూత్రంలోకి పంపుతుంది. మధ్య పొర నుంచి కార్టిసాల్, లోపలి పొర నుంచి ఆండ్రోజెన్లు వస్తాయి. గ్రంథి నడిమి భాగం అడ్రినలిన్ ఇస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న గ్రంథి ఎప్పుడూ అదుపులో ఉంటుంది. బీపీ పడిపోతే కిడ్నీ రెనిన్ విడుదల చేస్తుంది, దాంతో ఆల్డోస్టిరాన్ పెరుగుతుంది. బీపీ సరిపడా ఉంటే రెండూ తగ్గుతాయి. కార్టిసాల్ అదుపు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి చేతిలో ఉంటుంది.

గడ్డ ఏర్పడితే ఈ అదుపు తప్పవచ్చు. ఈ గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. చాలావాటికి హార్మోను కూడా ఉండదు. హార్మోను తయారు చేసే గడ్డతోనే చిక్కు. కార్టిసాల్ ఎక్కువైతే ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరిగి, చక్కెర వ్యాధి రావచ్చు. అడ్రినలిన్ ఎక్కువైతే ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, తలనొప్పి వస్తాయి. ఆల్డోస్టిరాన్ ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, కొందరిలో పొటాషియం తగ్గి కండరాలు నీరసిస్తాయి.

ఈ చివరి జబ్బును అమెరికాలోని మిచిగన్‌లో డాక్టర్ జెరోమ్ కాన్ 1954లో గుర్తించారు. ఆయన దగ్గరికి వచ్చిన 34 ఏళ్ల మహిళకు అడ్రినల్ గడ్డ తీసేశాక జబ్బు నయమైంది. ఇలాంటి గడ్డలు చాలావాటిలో కేసీఎన్‌జే5 అనే జన్యువు మారిపోయి ఉంటుందని 2011లో తేలింది. ఆ మార్పు వల్ల, రెనిన్ అడగకపోయినా కణాలు ఆల్డోస్టిరాన్ తయారు చేస్తూనే ఉంటాయి.

అందుకే రక్తంలో ఆల్డోస్టిరాన్, రెనిన్ రెండూ కలిపి చూస్తారు. మొదటిది ఎక్కువగా, రెండోది బాగా తక్కువగా ఉంటే అనుమానించి, మరికొన్ని పరీక్షలు చేస్తారు. లోపం ఒక గ్రంథిలోనే ఉంటే ఆపరేషన్, రెండింటిలోనూ ఉంటే స్పైరనోలాక్టోన్ వంటి మందులు.

డాక్టరుగారు కన్నడంలో మాట్లాడినా, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో మాట్లాడినా ఈ పరీక్ష పేరు ఒకటే: ఆల్డోస్టిరాన్–రెనిన్ రేషియో. చీటీ మీద రాసుకుని వెళ్లండి. వేసుకుంటున్న మాత్రలన్నీ చూపించండి, వాటిలో కొన్ని ఫలితాన్ని మార్చేస్తాయి. సొంతంగా మాత్రం ఏదీ ఆపకండి.