హోంలో పెరిగిన పిల్లలకు 18 నిండితే ఎక్కడికి పోవాలి?

పోయిన ఎపిసోడ్‌లో మా సైట్‌లో చేసే ఒక పిల్లగాడి గురించి చెప్పాను. అది విని ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అన్నా, మా చెల్లె పిల్లలు హోంల ఉన్నరు. 18 నిండినంక ఏం జేస్తరు?" దానికి జవాబు ఇక్కడ రాస్తున్నా.

ఎపిసోడ్ విననివాళ్ల కోసం రెండు ముక్కలు. వాడు ఎలక్ట్రికల్ హెల్పర్. అమ్మానాన్న లేరు. ఏడేళ్ల నుంచి పిల్లల హోంలోనే పెరిగాడు. 18 నిండిన నెలలోనే ఒక ట్రంకు పెట్టె, టెన్త్ మెమో చేతిలో పెట్టి పంపేశారు. కొన్నాళ్లు హోటల్‌లో ప్లేట్లు కడిగి, అక్కడే బల్లల మీద పడుకుని, చివరికి అప్పు చేసి ఏజెంట్‌కు కట్టి ఇటు వచ్చాడు. మొదటి జీతం పన్నెండు రోజుల్లో అయిపోయింది. తాగడు, పేకాట ఆడడు. సబ్బు కూడా హోంవాళ్లే ఇచ్చేవారు, ఇక డబ్బు లెక్క ఎక్కడ తెలుస్తుంది? అన్నం వండడం మా రూమ్‌లోనే నేర్చుకున్నాడు. (మా అబ్బాయికీ 18 నిండాయి, వాడికీ రాదు. కానీ వాడికి వాళ్లమ్మ ఉంది.) సెలవు రోజు మేమంతా ఇంటికి వీడియో కాల్ చేస్తుంటే, వీడు బట్టలు ఉతికే వంకతో బయటికి పోతాడు.

స్లాబ్ వేశాక జాకీలు ఎప్పుడు తీయాలో మనకు లెక్క ఉంది. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్ అయితే ఏడు రోజులు, దాటితే పద్నాలుగు. ఈ పిల్లలకూ అలాంటి లెక్క చట్టంలో ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో దాన్ని ఆఫ్టర్ కేర్ అంటారు. 18 నిండి హోం నుంచి బయటికి వచ్చినవాళ్లకు 21 ఏళ్ల దాకా ఆసరా ఇవ్వొచ్చు. తప్పనిసరి పరిస్థితి ఉంటే ఇంకో రెండేళ్లు పొడిగించొచ్చు. 2016 రూల్స్‌లో ఆరుగురు నుంచి ఎనిమిది మంది కలిసి ఉండే తాత్కాలిక వసతి, పని నేర్చుకునేటప్పుడు స్టైపెండ్, సలహా చెప్పే మనిషి, ఇవన్నీ రాశారు. మిషన్ వాత్సల్య పథకం కింద ఆఫ్టర్ కేర్‌కు నెలకు 4,000 రూపాయలు ఉంది.

చిక్కు ఎక్కడంటే, ఇది దానంతట అది రాదు. డబ్బు సాయం గురించి చట్టంలో ఉన్న మాట "ఇవ్వవచ్చు" అని. అడిగేవాళ్లు ఉండాలి. హోం వదలడానికి రెండు నెలల ముందే ఆ పిల్లాడి గురించి ప్లాన్ రాసి బాలల సంక్షేమ సమితికి, అంటే సీడబ్ల్యూసీకి పంపాలి. ఆర్డర్ వేసేది సమితే. మావాడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు వాడికి 23 దాటాయి.

వాడి తమ్ముడు మాత్రం ఇంకా హోంలోనే ఉన్నాడు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ మొదటి సంవత్సరం. అది రెండేళ్ల కోర్సు, నేనూ ఐటీఐలోనే చదివాను కాబట్టి తెలుసు. జూన్‌లో 18 నిండుతాయి. అప్పుడు బయటికి పంపిస్తే రెండో సంవత్సరం ఎక్కడ ఉండి చదవాలి? మధ్యలో ఆపితే అన్నలాగే సర్టిఫికెట్ లేని హెల్పర్ అవుతాడు.

మీ బంధువుల పిల్లలు హోంలో ఉంటే, 17 నిండగానే ఊళ్లో ఉన్న మనిషిని జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి పంపండి. ఆఫీసు ఎక్కడో తెలియకపోతే అక్కడి నుంచి 1098కి ఫోన్ చేయించండి. ఆఫ్టర్ కేర్ కావాలని కాగితం మీద రాసివ్వాలి, నోటిమాట చాలదు. ఆధార్, టెన్త్ మెమో, పిల్లాడి పేరు మీద బ్యాంకు ఖాతా పుస్తకం హోంలో ఉండగానే సరిచూసుకోవాలి. పుట్టిన తేదీకి ఏ కాగితమూ లేని అనాథ పిల్లలకు, హోం పెద్ద లెటర్‌హెడ్ మీద రాసిచ్చినా పాస్‌పోర్ట్ ఆఫీసులో తీసుకుంటారు.

డబ్బు ఒక్కసారే పంపకండి. మావాడు తమ్ముడికి నెలకు వెయ్యి పంపుతాడు. దేనికెంత అయిందో ఆదివారం ఫోన్‌లో ఇద్దరూ లెక్క చూసుకుంటారు. మొదట్లో తమ్ముడు "నన్ను అనుమానిస్తున్నవా?" అని అలిగాడు. ఇప్పుడు వాడే ముందు ఫోన్ చేస్తున్నాడు.

పోయిన వారం మా బావమరిది వెళ్లి దరఖాస్తు ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకుని వచ్చాడు. వచ్చే నెల సమితి ముందుకు పిలుస్తామన్నారట. ఏమైందో ఎపిసోడ్‌లో చెప్తా.