మందుపాతరను తట్టుకునే వాహనం.. జాప్యానికి ప్రాణాలే మూల్యం

మందుపాతర అన్న మాట తెలుగు జిల్లాలకు కొత్త కాదు. దానిని తట్టుకునే తేలికపాటి గస్తీ వాహనం సమకూర్చుకోవడానికి బ్రిటన్ సైన్యానికి ఏళ్లు పట్టింది. ఉత్తర ఐర్లాండ్ వీధుల్లో గస్తీకి ఉద్దేశించిన ‘స్నాచ్’ ల్యాండ్‌రోవర్లనే 2003 తర్వాత ఇరాక్‌లో, అనంతరం అఫ్ఘానిస్థాన్‌లో వినియోగించారు. రోడ్డుపక్క బాంబుల ముందు వాటి పలుచని కవచం నిలవలేదు. 30 మందికి పైగా సైనికులు ఆ వాహనాల్లోనే ప్రాణాలు కోల్పోయారు.

తర్వాత వచ్చిన ‘మాస్టిఫ్’ వంటి వాహనాలు గట్టివే. అయితే 20 టన్నులు దాటిన బరువుతో అవి పల్లెల ఇరుకు దారుల్లో తిరగడం కష్టం. రక్షణ, తేలిక రెండూ ఉండాలన్న ఉద్దేశంతో 2010 నవంబరులో 200 ‘ఫాక్స్‌హౌండ్’ వాహనాలకు 18 కోట్ల పౌండ్లతో ఒప్పందం కుదిరింది. దీని బరువు సుమారు 7.5 టన్నులు. అడుగుభాగం పడవ మాదిరిగా కోసుగా ఉన్నందున పేలుడు ధాటి ఇరుపక్కలకు చెదిరిపోతుంది. 2012లో ఇవి అఫ్ఘానిస్థాన్ చేరాయి.

ఇరాక్ యుద్ధంపై 2016లో వెలువడిన చిల్కాట్ నివేదిక, రక్షణ వాహనాల జాప్యాన్ని సహించి ఉండకూడదని తప్పుపట్టింది. ఆ కొరతను గుర్తించి చెప్పాల్సిన బాధ్యత ఎవరిదో కూడా స్పష్టంగా లేదని తేల్చింది.