ముందు మొక్కలు... తర్వాతే చేపలు

పిల్లలు మారాం చేస్తే చాలామంది తల్లిదండ్రులు అద్దాల తొట్టె, రంగు చేపలు ఒకేరోజు కొనితెస్తారు. పది రోజులు తిరక్కుండానే చేపలు ఒక్కొక్కటీ వెల్లకిలా తేలతాయి. నెపం దుకాణదారు మీదికో, మేత వేసిన పిల్లల మీదికో పోతుంది. అసలు కారణం కొత్త నీటిలో ఉంది.

చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా తయారవుతుంది. అది చేపలకు విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. కొద్దిపాటి నైట్రేట్ వల్ల చేపలకు హాని లేదు, పైగా మొక్కలకు ఆహారం. ఈ సూక్ష్మజీవులు కొత్త తొట్టెలో నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుకే ముందు మొక్కలు నాటాలి, చేపలు ఆ తర్వాత రావాలి.

లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1850లోనే గోల్డ్‌ఫిష్, వాలిస్నేరియా మొక్క, నత్తలు కలిపి పెంచి ఈ సమతుల్యాన్ని చూపించారు. నేలమట్టి, దట్టమైన మొక్కలతో తక్కువ శ్రమతో తొట్టెను నడిపే పద్ధతిని అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లో వచ్చిన తన పుస్తకంలో వివరించారు.

మన బీదర్ ఇళ్లలో ఎలా?

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 56 లీటర్లు పడతాయి. బరువు 60 కిలోలు దాటుతుంది కాబట్టి బల్ల గట్టిదై ఉండాలి. అడుగున ఎరువు కలవని మట్టి ఒక అంగుళం, దానిపై కడిగిన సన్న గులకరాళ్లు మరో అంగుళం పరవాలి. మన ఎర్రమట్టిలోని ఇనుము మొక్కలకు ఉపయోగపడుతుంది. కుళాయి నీటిని వెడల్పాటి పాత్రలో ఒకరోజు నిలవుంచితే క్లోరిన్ పోతుంది. బోరు నీరు కాస్త కఠిన జలమైనా గప్పీలకు, మాలీలకు, వాలిస్నేరియాకు ఇబ్బంది లేదు.

చేపలు లేని ఆ వారాల్లో తొట్టెపై దోమతెర గుడ్డ కట్టడం తప్పనిసరి. లేకపోతే అది దోమలకు నెలవవుతుంది. తర్వాత గప్పీలు వచ్చాక దోమ పిల్లల్ని అవే తినేస్తాయి. మొదట ఆరు చేపలు చాలు. అన్నీ మగవే అయితే మేలు, ఎందుకంటే ఆడ గప్పీ దాదాపు నెలకోసారి పిల్లల్ని పెడుతుంది. రోజుకోసారి, రెండు నిమిషాల్లో తినేంత మేతే వెయ్యాలి.

ఎండాకాలంలో మరో జాగ్రత్త. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. అందుకే తొట్టెపై నేరుగా ఎండ పడనివ్వకూడదు. మే నెలలో మూత తీసి, వల కప్పి, గాలి ఆడేలా చూడాలి.

సముద్రపు తొట్టె కావాలంటే?

సినిమాలో క్లౌన్ చేపను చూసి పిల్లలు అడిగేది ఇదే. శుద్ధి చేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ప్రత్యేక లవణ మిశ్రమం కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. నీరు ఆవిరైనా ఉప్పు తొట్టెలోనే ఉండిపోతుంది, కాబట్టి తగ్గినంత మేరా మంచినీటినే పోయాలి. బతికున్న పగడాలు, సముద్రపు గుర్రాలు అసలే కొనకూడదు. 2001లో వాటిని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. మొదటిసారి తొట్టె పెట్టేవారికి మంచినీటి మొక్కల తొట్టే తగినది.

చెరువులో వదలొద్దు

చేపలు ఎక్కువైనా, పిల్లలకు మోజు తీరినా కొందరు వాటిని చెరువులో వదిలేస్తారు. పుణ్యం అనుకుంటారు గానీ అది ముప్పు. అద్దాలు శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప చిన్నప్పుడు వేలెడంతే, పెద్దయ్యాక అడుగు దాటుతుంది. గట్టి పొలుసుల కవచం, ముళ్లతో వలల్ని చింపుతుంది. ఇది తూర్పు కనుమల జలాశయాల్లోకి పాకిన తీరును హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ ద్వారా గుర్తించారు. మన కారంజా నీరు మంజీరలో కలుస్తుంది. మంజీర తెలంగాణలోకి వెళ్లి సింగూరు, నిజాంసాగర్ నింపి గోదావరిలో కలుస్తుంది. ఇక్కడ వదిలిన చేప అక్కడి జాలరి వలదాకా చేరగలదు. వద్దనుకున్న చేపల్ని మరో పెంపకందారుకో, దుకాణానికో ఇచ్చేయాలి.

బడిలో ఇలా చేద్దాం

తరగతి కిటికీ పక్కన ఒక తొట్టె పెట్టి, నోటుపుస్తకంలో రోజూ ఉష్ణోగ్రత, నీటిమట్టం, కొత్త ఆకుల లెక్క పిల్లలచేత తెలుగులో రాయిద్దాం. మన చేప కన్నడంలో మీను, ఉర్దూలో మఛ్లీ, మరాఠీలో మాసా. బీదర్ పిల్లలకు నాలుగు మాటలూ చెవిన పడుతూనే ఉంటాయి. వాటన్నిటినీ ఒకే పేజీలో రాయిస్తే విజ్ఞానశాస్త్రం, భాష కలిసి నడుస్తాయి. చేపలు ఎప్పుడొస్తాయని వాళ్లు అడుగుతారు. ఆరు వారాల లెక్క పుస్తకంలో నిండాక అని చెబుదాం.