ఇంటి కంప్యూటరునందు ఆటల వేగము

చెరుకు సీమవారమగు మనకు, యంత్రముల వేగమెట్టిదో వేరుగా చెప్ప నక్కరలేదు. బోధనునకు చేరువగా శక్కర్‌నగరునందు 1937లో స్థాపింపబడి, 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమును మీలో ననేకులు చూచియుందురు. కాటాయొద్ద చెరుకు బండ్లు బారులు తీరిన దినములు మీకు జ్ఞప్తికి వచ్చును. గానుగ రోళ్లు ఎంత రసము తీసినను, దానిని మరిగించు పెనములు అంత రసమును పుచ్చుకొనలేనియెడల రోళ్లు ఊరక నిలువవలసినదే. అట్టియెడ బండ్ల సంఖ్య పెంచిన చక్కెర పెరుగదు. ఏ మెట్టు మందమో దానినే చక్కజేయవలెను. నేటి ప్రసంగమునకు ఇదియే మూలసూత్రము.

"తాతా, ఆట తడబడుచున్నది, క్రొత్త కంప్యూటరు కొనవలెను" అని మనుమడు అడుగును. సొమ్ము తీయవలసినవారము మనము. అడిగిన వెంటనే ఇచ్చుటయు, పిల్లవాని మాట కొట్టివేయుటయు రెండును తొందరపాటులే. కంఠేశ్వరులోని మా యింట గత వేసవిలో ఈ ప్రశ్నయే పుట్టినది. ఒక అంగడివాడు యంత్రమును విప్పియైన చూడక, "ఇది పాతది, క్రొత్తది కొనుడు" అని చెప్పెను. నేను మా మనుమనితో, "నాయనా, ముందు కొలిచి చూతము, తరువాత కొందము" అంటిని.

కొలుచుట యెట్లు? తెరపై కదలిక యనగా ఒకదాని వెంట ఒకటిగా వచ్చు బొమ్మలే. ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అందురు. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు చాలును, ఏలనన అవి ముందే సిద్ధమైయున్నవి. ఆటలోనో, పిల్లవాని వ్రేలి కదలికను బట్టి ప్రతి బొమ్మను అప్పటికప్పుడు క్రొత్తగా గీయవలెను. సెకనుకు 60 బొమ్మలు వచ్చినచో ఆట సుఖముగా సాగును. అనగా ఒక్కొక్క బొమ్మకు సెకనులో 60వ వంతు మాత్రమే గడువు. పెక్కు ఆటలు ఈ సంఖ్యను తెరమూలన చూపు ఏర్పాటు గలిగియున్నవి. విండోసునందు విండోసు మీటను, జి మీటను కలిపి నొక్కినను దానిని చూడవచ్చును.

ఈ పనిలో నలుగురు పనివారు గలరు. ప్రాసెసరు లెక్క కట్టును. గ్రాఫిక్సు చిప్పు బొమ్మ గీయును. ర్యాము కావలసిన సరకును చేతికందునట్లు పట్టుకొనియుండును. డిస్కు గాదె వంటిది. పాత తిరుగుడు డిస్కు తీసి ఎస్‌ఎస్‌డి అమర్చినచో ఆట త్వరగా తెరచుకొనును గాని, ఆడునప్పటి ఫ్రేముల సంఖ్య సాధారణముగా పెరుగదు. ఈ భేద మెరుగక సొమ్ము పోగొట్టుకొనువారు పలువురు.

మందమైన పనివాని నిట్లు కనుగొనవలెను. తెర 1920కి 1080 కొలతలో నున్నచో ప్రతి బొమ్మకు 20,73,600 చుక్కలు నింపవలెను. ఆటలోని అమరికలలో దానిని 1280కి 720గా తగ్గించినచో చుక్కలు 9,21,600 మాత్రమే. ఇట్లు తగ్గించినపుడు ఫ్రేములు బాగుగా పెరిగినచో, బొమ్మ గీయువాడు మందమని యర్థము. ఏమియు పెరుగనియెడల లెక్క కట్టువాడు మందము. మొదట బాగుగా నడచి కొంతసేపటికి తగ్గిపోయినచో, వేడిమి కారణమై యుండును.

మా యింటి యంత్రమునందు మొదట 50 ఫ్రేములు వచ్చి, అరగంటలో 25కు పడిపోవుచుండెను. ప్రాసెసరు నూరు డిగ్రీల దాపునకు వేడెక్కినపుడు, తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. నిజామాబాదు వేసవి యెట్టిదో మీ రెరుగుదురు. అదిగాక మేము యంత్రమును గాలి యాడని గోడ అల్మారలో నుంచితిమి. విప్పి చూడగా పంకా రెక్కలపై దుమ్ము దూదివలె పేరుకొనియుండెను. విద్యుత్తు తీగ నూడదీసి, పంకా తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, గాలి యూది శుభ్రము చేసితిమి. యంత్రమును అల్మార వెలుపల బల్లపై నుంచితిమి. పిమ్మట గంట గడచినను 50 ఫ్రేములు తగ్గలేదు. వ్యయము శూన్యము. ల్యాప్‌టాపును పరుపుపై నుంచి యాడుటయు ఇట్టి దోషమే, గాలి దారులు మూసుకొనిపోవును.

రెండవ లోపము ర్యాములో దొరకినది. మా యంత్రమునకు వేరు గ్రాఫిక్సు కార్డు లేదు, ప్రాసెసరులోనే యిమిడిన చిప్పు బొమ్మలు గీయును. అట్టి చిప్పు ర్యామునే యరువు తెచ్చుకొనును. ర్యాము ఒక్క పలకగా నున్నచో సరకునకు ఒక్కటే బాట. జతయైన రెండవ పలక నమర్చినచో రెండు బాటలగును. అమర్చగా 60 ఫ్రేములు దాటినవి. క్రొత్త యంత్రపు వెలతో పోల్చిన ఈ వ్యయము మిక్కిలి స్వల్పము.

కాసు ఖర్చులేని పనులు మరికొన్ని గలవు. ఆటలోని నీడల నాణ్యమును తగ్గించిన, అందము కొంచెమే తగ్గి వేగము చాల పెరుగుట కలదు. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడును కలిపి నొక్కిన టాస్కు మేనేజరు తెరచుకొనును. అందు, యంత్రముతో పాటు ఊరక మేల్కొను ప్రోగ్రాములను ఆపివేయవచ్చును. ల్యాప్‌టాపును ఛార్జరు తగిలించియే ఆడవలెను. వేరు గ్రాఫిక్సు కార్డున్న యంత్రములో తెర తీగను ఆ కార్డునకే తగిలించితిరా యని చూడుడు. కార్డును విడిచి మదరుబోర్డునకు తగిలించి, కొన్న కార్డు పనిచేయదని వగచినవారు గలరు. తెర సెకనుకు 144 బొమ్మలు చూపగలదియైనను అమరిక 60 వద్దనే నిలిచియుండవచ్చును, దానిని సరిచేయవలెను. గ్రాఫిక్సు డ్రైవరును తయారుచేసినవారి సొంత స్థలమునుండియే తెచ్చుకొనవలెను. "ఒక్క నొక్కుతో వేగము రెట్టింపు" అను ప్రోగ్రాములను ఇంట చొరనీయకుడు. వానివలన లాభము స్వల్పము, దొంగలు దూరు భయము అధికము.

ఇంకొక భ్రమ. ఫ్రేములు నిండుగా నున్నను ఎదుటి యాటగాడు తటాలున ఇటునుండి అటు దుమికినట్లు కనబడినచో, దోషము యంత్రములో కాదు, ఇంటర్నెట్టు దారిలో నున్నది. మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరము నిండియున్నను, చివరి ఆయకట్టునకు నీరు ఆలస్యముగా చేరినచో అది రైతు యెడ్ల తప్పగునా? అట్టియెడ వైఫైకి మారుగా తీగతో కలిపి చూడవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది క్రమము. ఒక్కసారి ఒక్కటే మార్చవలెను. పది మందు లొక్కమారు మ్రింగిన రోగికి ఏ మందు గుణమిచ్చెనో తెలియదు. మా మనుమడు నోటుపుస్తకములో తేదీ, చేసిన మార్పు, మునుపటి ఫ్రేములు, పిమ్మటి ఫ్రేములు అని నాలుగు గళ్లు గీసి వ్రాసినాడు. బడిలో చదివిన ప్రయోగపద్ధతి వానికి ఆ పుటలో ప్రాణము పోసికొన్నది.

ఇన్నియు చేసినను చాలనియెడల, యంత్రము నిజముగా శక్తిహీనమే కావచ్చును. అప్పుడు కొనుట దోషము కాదు. డెస్కుటాపులో మందమైన ఆ యొక్క భాగమునే మార్చవచ్చును. గ్రాఫిక్సు కార్డు కొనుటకు ముందు, దాని బరువు మోయగల పవరు సప్లై యున్నదా యని విచారింపవలెను. ల్యాప్‌టాపులలో గ్రాఫిక్సు చిప్పును మార్చుట సాధారణముగా సాధ్యము కాదు గనుక, కొనునపుడే యోచింపవలెను.

కాబట్టి పెద్దలారా, మనుమడు క్రొత్త యంత్రము అడిగినపుడు కోపింపకుడు, వెంటనే సంచియు విప్పకుడు. "నీ పుస్తకము చూపుము నాయనా, ఏ మెట్టు మందముగా నున్నది?" అని యడుగుడు. వాడు జవాబు చెప్పగలిగిన దినమున, ఎంత ఇయ్యవలెనో, అసలు ఇయ్యవలెనో లేదో మీకే తెలియును.