థార్‌కు పెద్ద టైర్లు వేయించారా? స్టెప్నీ పాతదే అయితే ఘాట్‌లో చిక్కే!

తిరుపతి నుంచి తలకోన, హార్స్‌లీ హిల్స్.. చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు. ఇలాంటి రూట్ల కోసం థార్‌కు పెద్ద టైర్లు వేయిస్తుంటారు. కానీ నాలుగు మార్చి ఐదోది వదిలేస్తే అసలు సమస్య అక్కడే!

తేడా ఎంత?
16 అంగుళాల చక్రాలున్న థార్‌కు కంపెనీ సైజ్ 245/75 ఆర్16. ఎత్తు సుమారు 77.4 సెం.మీ. అదే 265/75 ఆర్16 అయితే 80.4 సెం.మీ. అంటే పాత స్టెప్నీ 3 సెం.మీ. పొట్టి. దాన్ని వెనక బిగిస్తే డిఫరెన్షియల్‌పై భారం. ఫోర్ వీల్ మోడ్ వేస్తే ఇంకా ప్రమాదం.

పెద్ద స్టెప్నీ మోసేదెలా?
బరువంతా వెనక డోర్ హింజెస్ మీదే పడుతుంది. డోర్ కిందికి జారుతుంది, గతుకుల్లో గడగడ శబ్దం వస్తుంది. బ్రాకెట్ నట్లు, రబ్బర్ స్టాపర్లు తరచూ చెక్ చేయాలి. నంబర్ ప్లేట్, బ్రేక్ లైట్‌కు టైర్ అడ్డు రాకూడదు. రూఫ్‌పై కట్టొద్దు. బరువు పైకి చేరితే మలుపుల్లో బండి ఒరుగుతుంది.

చిన్న స్టెప్నీయే దిక్కయితే?
ముందు చక్రానికే వేయాలి. వెనక టైర్ పంక్చరైతే ముందున్న పెద్ద టైర్‌ను వెనక్కి మార్చి, స్టెప్నీ ముందు బిగించాలి. టూ వీల్ మోడ్‌లోనే మెల్లగా దగ్గరి షాప్ వరకు వెళ్లాలి.

పెద్ద టైర్‌కు జాకీ ఎత్తు సరిపోతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పులకు పరిమితులు పెట్టింది. అందుకే కొనేముందు ఆర్టీవో ఆఫీసులో అడగడం బెటర్.